బ్యాటరీకి బొట్టు

చలికాలం పొద్దున్నే స్టార్ట్ కాని కారుని తిట్టేవాళ్లకి లోకజ్ఞానం తక్కువని చెప్పక తప్పదు. అది వరమండీ, వరం! స్టార్టయిన కారు యజమానిని ఎక్కించుకుని తన దారిన తాను పోతుంది. స్టార్ట్ కానిది వీధి మొత్తాన్నీ ఒక్కచోట చేరుస్తుంది. ఏ సంఘసంస్కర్త వల్ల అయింది ఈ పని?

నమ్మకం కుదరకపోతే గుడివాడలో వెంకటసుబ్రహ్మణ్యం గారి కథ వినండి. కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటు. దసరాకి ముందు సెకండ్ హ్యాండ్ కారొకటి కొన్నారు. విజయదశమినాడు అందరూ బండి ముఖాన బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఊరుకుంటారు. ఆయన అంతటితో ఆగే మనిషి కాదు. "కారుకి ప్రాణం బ్యాటరీలో కదుటోయ్ ఉండేది!" అంటూ టెర్మినళ్ల బిగింపులు ఊడదీసి, పసుపు ముద్దగా పట్టించి, కుంకుమ బొట్లు పెట్టి, మళ్లీ చేత్తో బిగించారు. భక్తిలో ఆయనకి వంక పెట్టలేం.

చలి మొదలైంది. పొద్దున్నే తాళం తిప్పితే 'టక్' అంటుంది, అంతే. మెకానిక్ దానియేలు షెడ్డు తీసేదే పదింటికి. అతను వచ్చేసరికి ఎండెక్కుతుంది, కారు ఒక్క తిప్పుకే పలుకుతుంది. "బండి బంగారంలా ఉందండీ," అని వెళ్లిపోతాడు. రోగం ఉన్నప్పుడు డాక్టరు లేడు, డాక్టరు వచ్చినప్పుడు రోగం లేదు. ఇంతకన్నా ఆరోగ్యకరమైన ఏర్పాటు ఎక్కడైనా ఉందా?

ఆయన భార్య రామలక్ష్మి గారు మొదటి వారంలోనే చెప్పారు. "తాళం తిప్పగానే హెడ్‌లైట్లు ఆరిపోతున్నాయి చూడండి. లోపల కరెంటుంది, బయటికొచ్చే దారే లేదు. ఆ పసుపు తుడవండి."

"దేవుడి పేరున పెట్టిన పసుపు తుడుస్తారుటే ఎవరైనా? కార్ల సంగతి నీకేం తెలుసు?" అన్నారాయన.

నిజమే, ఆవిడకేం తెలుసు? పన్నెండేళ్లుగా గుడివాడ నుంచి రెండు బస్సులు మారి, అవనిగడ్డ అవతల హైస్కూలుకెళ్లి, పిల్లలకి విద్యుత్తు పాఠం చెబుతున్నారు. పాఠం వేరు, కారు వేరు కదండీ!

డిసెంబర్లో మచిలీపట్నంలో టీచర్ల బదిలీల కౌన్సెలింగ్ పెట్టారు. సరిగ్గా తొమ్మిదింటికి. గుడివాడలో ఉన్నది ఒకే ఒక్క ఖాళీ, సీనియారిటీలో ఆవిడ పేరు మూడోది. ఏళ్లు నిండాయి కనక పాత బడి వదలక తప్పదు, పిలిచినప్పుడు పలక్కపోతే ఆఖర్న మిగిలింది తీసుకోవాలి. బస్సులో పోతానని ఆవిడ ముందురోజు నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. "ఇంట్లో కారు పెట్టుకుని బస్సెక్కితే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారాయన.

మర్నాడు పొద్దున్నే ఆరున్నరకి తాళం తిప్పారు. టక్! మంచులోంచి ఆ నలుగురూ రానే వచ్చారు.

నందివాడలో ట్రాక్టరున్న బసవపున్నయ్య గారు, చుట్ట తియ్యకుండానే, "బ్యాటరీ చచ్చిందండీ, నాలుగడుగులు తోద్దాం పట్టండి," అన్నారు. కాలిన మోటార్లకి వైండింగ్ చుట్టే మత్తయి అడ్డం పడ్డాడు. "ఆగండి బాబాయ్! రోగం తేలకుండా తోస్తే గేర్లు పోతాయి. ఇది సెల్ఫ్ మోటారు గొడవ." డైనమో అని ఒకాయన, ప్లగ్గులని ఇంకొకాయన. ఎవరో ఇంజన్‌కి దుప్పటి కప్పమన్నారు, కప్పారు. దుప్పటి తీసి, బానెట్ ఎత్తి, బ్యాటరీ మీది ఆ పసుపు ముద్దని అందరూ చూశారు, కళ్లకద్దుకున్నారు, మళ్లీ డైనమో దగ్గరికొచ్చారు.

రామలక్ష్మి గారు మూడుసార్లు హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని గేటు దాకా వెళ్లారు. "రెండు నిమిషాలమ్మా, అయిపోయింది," అని మూడుసార్లూ వెనక్కి పిలిచారు. ఏడున్నరైంది, ఎనిమిదైంది. బస్సెక్కినా ఇక అందదు. ఆవిడకి ఏడుపొచ్చింది. అది మింగేసి, వంటింట్లోంచి అట్లకాడా తడిగుడ్డా తెచ్చారు.

"ఏయ్, అపచారం!" అన్నారాయన.

"ప్రతి శుక్రవారం గడప కడిగి పాత పసుపు తీసి కొత్తది రాసేది నేనే. దానికి లేని అపచారం దీనికొచ్చిందా? తప్పుకోండి."

బిగింపులు చేత్తోనే ఊడొచ్చాయి. గీకారు, తుడిచారు, గట్టిగా బిగించారు. "ఇప్పుడు తిప్పండి." ఒక్క తిప్పుకే కారు వీధంతా పొగ చేసింది.

అప్పుడు చూడాలండీ ఆ సంబరం! "నేన్చెప్పలా, ఎండ తగిలితే అదే దార్లోకొస్తుందని," అన్నారు బసవపున్నయ్య గారు. మత్తయి తాను కదిపిన వైరు మహిమన్నాడు. ఆయనగారు తన ఆఖరి తిప్పు బలంగా పడిందన్నారు. ఆ డైనమో అన్నది ఎవరని మాత్రం నన్ను అడక్కండి. పక్కింట్లో ఉన్నాక నేను మాత్రం ఓ మాట అనకుండా ఉండగలనా?

మచిలీపట్నం చేరేసరికి తొమ్మిదీ ఇరవై. మూడో పేరు పిలవడం, గుడివాడ ఖాళీ నిండిపోవడం రెండూ అయిపోయాయి. ఆఖర్న మిగిలింది ఎదురుమొండి లంకలో బడి. కృష్ణ పాయ దాటి పడవలో వెళ్లాలి. ఆవిడ అవనిగడ్డలో గది తీసుకుని ఉంటున్నారు, ఆదివారానికి ఇంటికొస్తారు.

మొన్న ఆదివారం ఆయన మా అందరి ముందూ ఆవిణ్ణి జాలిగా అడిగారు. "చలిలో పడవ ప్రయాణం కష్టంగా లేదుటే?"

"లేదండీ," అన్నారావిడ, మాకు కాఫీలు అందిస్తూ. "నడిపేవాడు ఒక్కడే. ఎక్కినవాళ్లెవరూ నోరెత్తరు. రోజూ టైముకి చేరుతోంది."