గోర్డీ గురుకులవాసం

కుక్కను గురుకులానికి పంపదలచిన యజమానులు అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసిన సంగతి ఏమిటంటే, అక్కడ కుక్కకు వచ్చే కష్టం ఏమీ లేదు. చదువుకున్నవాడి కంటే చదివించినవాడు ఎక్కువ నలిగిపోయే విద్య మానవజాతి చరిత్రలో ఇదొక్కటే. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. నా పేరు డ్వేన్ టోర్విక్. మిన్నెసోటాలో సెయింట్ క్లౌడ్ ఊరి చివర, ఇరవై నాలుగు ఇళ్లు గోడకు గోడ ఆనించుకుని నిలబడ్డ కాలనీలో, నా భార్య ఆర్డిస్‌తోనూ గోర్డీతోనూ ఉంటున్నాను. గోర్డీ ఎనభై అయిదు పౌండ్ల కుక్క. (జాతి అన్న గడిలో పశువైద్యుడు ‘పెద్దది’ అని రాశాడు.)

గోర్డీ చేసిన నేరం ఒక్కటే. గుమ్మంలోకి ఎవరొచ్చినా వాడికి పండగ. పరుగున వెళ్లి, ముందుకాళ్లు రెండూ వాళ్ల భుజాల మీద వేసి, మొహమంతా నాకి పెడతాడు. మొన్న జూలైలో పక్కింటి లొరెయిన్ వాంగ్స్‌నెస్ గారు తాను చేసిన నిమ్మకాయ మిఠాయి పళ్లెంలో పెట్టుకుని మా తలుపు తట్టారు. ఆవిడ మా కాలనీ సంఘంలో పెంపుడు జంతువుల ఉపసంఘానికి అధ్యక్షురాలు. (సభ్యులు కూడా ఆవిడే.) తలుపు తీసిన మూడో క్షణానికి ఆవిడ మా పూలకుండీలో కూర్చుని ఉన్నారు. మిఠాయి గోర్డీ కడుపులో ఉంది.

“అయ్యో, పర్లేదు పర్లేదు! నాకేం కాలేదండీ. పాపం, వాడికి నేనంటే ఎంత ఇష్టమో చూడండి!” అన్నారు లొరెయిన్ గారు, చెవిలోంచి మట్టి తీసుకుంటూ.

మా రాష్ట్రంలో ‘పర్లేదు’ అన్న మాట వినగానే తెలివైనవాడు వకీలుకు ఫోన్ చేస్తాడు. నేను అంత తెలివైనవాణ్ని కాను. మర్నాడు ఉత్తరం వచ్చింది. సదరు శునకం తొంభై రోజుల్లోగా సత్ప్రవర్తన పరీక్షలో ఉత్తీర్ణత పొందవలెను, లేనిచో కాలనీ విడిచి పోవలెను. పరీక్ష అక్టోబరు పద్నాలుగున. పరీక్షాధికారి లొరెయిన్ వాంగ్స్‌నెస్. కింద చేతిరాతతో ‘గోర్డీకి నా ముద్దులు’ అని రాసి, పక్కన ఒక పువ్వు బొమ్మ కూడా వేశారు.

ఉత్తరం చదివి ఆర్డిస్ “బాగానే రాసింది” అని మడిచి పెట్టేసింది. మా పెళ్లయి నలభై ఒక్క ఏళ్లు. ఇన్నేళ్లలో ఆవిడ నా దగ్గర ఏ ఒక్కదాని మీదా ఫిర్యాదు చేయలేదు. చెప్పవలసినవన్నీ వంటింట్లో గోర్డీకి చెబుతుంది. నేను పక్కగదిలో పేపరు పట్టుకుని కూర్చుని వింటాను. మోకాలి నొప్పి, చెల్లెలితో మాటలు లేకపోవడం, నేను కొన్న సోఫా తనకు నచ్చకపోవడం, అన్నీ నాకు ఆ దారినే తెలిశాయి. ఆ రాత్రి నాకు నిజంగానే భయం వేసింది. గోర్డీ పోతే నా భార్య మనసులో ఏముందో నాకు చెప్పేవాళ్లు ఉండరు.

అందుకని గురుకులం. కుక్క తోక వంకర తీయడం ఎవరి తరమూ కాదని సామెత. పైన్ రిడ్జ్ శునక గురుకులం వారి కరపత్రం ప్రకారం అది ఇరవై ఒక్క రోజుల పని. దరఖాస్తు పద్నాలుగు పేజీలు. ఆరో ప్రశ్న: ‘మీ ఇంట్లో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు?’ నేను ఆర్డిస్ అని రాశాను. ఆవిడ డ్వేన్ అని రాసింది. దరఖాస్తు పరిశీలించిన గుమస్తా రెండు పేర్లూ కొట్టేసి ‘కుక్క’ అని సరిదిద్దాడు. కుక్కతో పాటు పంపవలసిన సామగ్రి జాబితాలో ‘యజమాని ఒంటి వాసన గల, ఉతకని బనియను ఒకటి’ అని ఉంది. నాది తీసుకెళ్తే ఒక ఉద్యోగిని దూరం నుంచే చూసి ‘వాసన సంతృప్తికరం’ అని రశీదు ఇచ్చింది.

వీడ్కోలుకు గురుకులం వారు కేటాయించిన సమయం పదిహేను సెకన్లు. ఇది మా ప్రాంతపు ఆచారాలకు విరుద్ధమని మనవి చేయాలి. మా వైపు చుట్టాల ఇంటి నుంచి బయల్దేరడానికి గంట పడుతుంది. ముందు తొడ మీద చరుచుకుని “సరే మరి” అనాలి, తర్వాత ఇంకో కాఫీ తాగాలి, తర్వాత గుమ్మంలో నిలబడాలి, తర్వాత కారు అద్దం దించి మాట్లాడాలి. మేము గోర్డీ దగ్గర ఇంకా తొడ చరుచుకునే దశలోనే ఉండగా శిక్షకురాలు వచ్చి ఆర్డిస్ చేతిలోంచి పట్టీ లాక్కుంది. ఆవిడ పేరు డెనీస్ కార్బోన్. న్యూజెర్సీ మనిషి. మనసులో అనుకున్నది నోటితో అనేస్తుంది. (వైద్యులు దీన్ని జబ్బుగా పరిగణించడం లేదట.)

“చాలు అమ్మా, చాలు. ఏడుపు కుక్కకి రావట్లేదు, మీకే వస్తోంది. బండెక్కండి,” అంది.

“థాంక్సండీ, మీకు శ్రమ ఇస్తున్నాం,” అంది ఆర్డిస్.

“శ్రమ కాదమ్మా, నా ఉద్యోగం ఇది. వెళ్లండి.”

మొదటి పద్నాలుగు రోజులు యజమానులు ఆవరణలోకి రాకూడదు. మేము రాలేదు. రోడ్డుకు అవతలి పక్క కారు ఆపుకుని చెట్లు చూశాం. అక్కడ అప్పటికే అయిదు కార్లు ఉన్నాయి. అందరూ చెట్లే చూస్తున్నారు. ఒకాయన దుర్భిణి కూడా తెచ్చుకున్నాడు. ఒకరికొకరం చేతులు ఊపుకున్నాం, కుక్కల ఊసు ఎవరూ ఎత్తలేదు. మూడో రోజుకు గురుకులం వారు అక్కడ ఒక బోర్డు పాతారు: ‘చెట్లు చూసే యజమానులు ఇచ్చట మాత్రమే బండి నిలుపవలెను.’

రోజూ సాయంత్రం అయిదింటికి ఫోనుకు ఒక ఫోటో వచ్చేది. మొదటి ఫోటోలో గోర్డీ మాంసం ముక్కల గిన్నె పక్కన చేతులు కట్టుకున్న గుమస్తాలా కూర్చుని ఉన్నాడు. ఆర్డిస్ చాలాసేపు చూసి ఫోను నా చేతికిచ్చింది. ఎడమచెవి మీద తెల్లమచ్చ ఉందో లేదో చూడమంది. మచ్చ ఉంది. అయినా అది మన కుక్క కాదని ఇద్దరికీ గట్టిగా అనిపించింది. (ఆ అభిప్రాయం ఒకరికొకరం చెప్పుకోలేదు.) ఇంట్లో మాట్లాడుకోవడానికి ఏమీ లేకపోయింది. ఒకరోజు ఆర్డిస్ వంటింట్లో గోర్డీ ఖాళీ గిన్నె ముందు నిలబడి నోరు తెరిచి, మళ్లీ మూసేసింది. నేను పేపరు మడిచేశాను.

ఇరవయ్యో రోజున యజమానుల తరగతి. కరపత్రంలో ఎక్కడా పెద్దక్షరాల్లో వేయని రహస్యం ఇదే. కుక్క అన్నీ నేర్చేసుకుంది. ‘చోటుకి’ అనగానే వెళ్లి తన చాప మీద పడుకుంటుంది. అనవలసింది మేము. కుక్క వినేటట్లు ‘దయచేసి’, ‘ఏమీ అనుకోకు’, ‘పర్లేదు’ అన్న మాటలు వాడరాదని గోడ మీద రాసి ఉంది. నా మాతృభాషలో మిగిలినవి రెండో మూడో మాటలు.

ముందు నేను లేచాను. “గోర్డీ, నీకు వేరే పని ఏమీ లేకపోతే, ఒక్కసారి ఆ చాప వైపు వెళ్లే ఆలోచన ఏమైనా...”

“ఏంటది పెద్దాయనా, కుక్కకి అర్జీ పెట్టుకుంటున్నారా?” అంది డెనీస్. “అడుక్కోవద్దు. చెప్పండి. ఒకే మాట, ఒకేసారి!”

“మాట కటువుగా ఉంటే వాడు నొచ్చుకుంటాడేమోనని...”

“వాడు నొచ్చుకోడు. వాడికి అర్థం కావట్లేదు, అంతే. చూడండి వాడి మొహం! అమ్మా, మీరు రండి.”

ఆర్డిస్ లేచింది. గొంతు సవరించుకుంది. “చోటుకి...” అని, ఆగి, “...వెళ్తే బాగుంటుంది కదా నాన్నా,” అంది. గోర్డీ మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి డెనీస్ కాళ్ల వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. డెనీస్ నుదురు పట్టుకుంది. మాకు ఇంటిపని ఇచ్చింది. పరీక్ష రోజు దాకా భార్యాభర్తలు ఒకరికొకరు రోజుకు పదిసార్లు ఆజ్ఞలు జారీ చేసుకోవాలి.

చేసుకున్నాం. “ఉప్పు ఇవ్వు,” అంది ఆర్డిస్ మొదటిరోజు రాత్రి భోజనంలో. ఇచ్చాను. ఆవిడ థాంక్స్ చెప్పింది. అది నిబంధనలకు విరుద్ధమని నేను గుర్తుచేస్తే సారీ చెప్పింది. అదీ విరుద్ధమే. చివరికి ఉప్పు చాలలేదని తేలింది గానీ ఇద్దరం పర్లేదనుకుని తినేశాం. మర్నాడు గోర్డీని, వాడి చాపతో సహా, ఇంటికి తెచ్చుకున్నాం.

అక్టోబరు పద్నాలుగు మధ్యాహ్నం లొరెయిన్ గారు అట్ట, కాగితం, పెన్ను, మళ్లీ నిమ్మకాయ మిఠాయి పళ్లెం పట్టుకుని వచ్చారు. పరీక్ష ఒకటే అంశం. అతిథి గుమ్మంలోకి రాగానే యజమాని ఒక్క ఆజ్ఞ ఇవ్వాలి. శునకం తన చోటుకి వెళ్లాలి, ‘ఇక లే’ అన్న మాట వినబడేదాకా లేవరాదు. అవకాశాలు రెండు.

తలుపు తీశాను. గోర్డీ ఒళ్లంతా తోకతో పాటు ఊగిపోతోంది. “గోర్డీ, బాబూ, లొరెయిన్ గారు వచ్చారు గదా, మరి మనం అనుకున్నట్టు...” అన్నాను. గోర్డీ ఒక అడుగు ముందుకు వేశాడు.

“అయ్యో, పర్లేదండీ డ్వేన్ గారూ! కంగారు పడకండి, ఏం పర్లేదు!” అంటూ లొరెయిన్ గారు నవ్వుతూ కాగితం మీద ఏదో రాయడం మొదలుపెట్టారు.

ఆర్డిస్ ఆ పెన్ను కదలడం చూసింది. ముప్పై ఏళ్లు బడి వంటశాలలో నాలుగు వందల మంది పిల్లలకు వడ్డించిన మనిషి ఆవిడ. అక్కడ ఆవిడ వాడిన గొంతు నేను అంతవరకు వినలేదు.

“చోటుకి!” అంది.

గోర్డీ వెళ్లి చాప మీద పడుకున్నాడు. నేను నా కుర్చీలో కూర్చున్నాను. లొరెయిన్ గారు కూడా దగ్గర్లో ఉన్న బల్ల మీద కూర్చుండిపోయారు. ఎదురింటి గ్యారేజీలో సుత్తి చప్పుడు ఆగిపోయింది.

లొరెయిన్ గారు నిబంధన ప్రకారం లేచి, బయటికి వెళ్లి మళ్లీ లోపలికి వచ్చారు. గోర్డీ కదల్లేదు. మిఠాయి పళ్లెం వాడి ముక్కు ముందు నుంచి తిప్పారు. కదల్లేదు. “ఎలా ఉన్నావు రా గోర్డీ?” అని ముద్దుగా పలకరించారు. తోక నేల మీద మూడుసార్లు కొట్టుకుంది గానీ మనిషి లేవలేదు. ఆవిడ ‘ఉత్తీర్ణత’ అని రాసి, సంతకం చేసి, పువ్వు బొమ్మ వేసి కాగితం చేతికిచ్చారు. గోర్డీ మా ఇంట్లోనే ఉంటాడు. ఆర్డిస్ కళ్లలో నీళ్లు తిరిగాయి, నాకూ తిరిగాయి. ఇద్దరం చెరో కిటికీలోంచి బయటికి చూశాం.

పని అయిపోయింది గదా, లొరెయిన్ గారు వెళ్తారనుకున్నాం. వెళ్లలేదు. పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడి గోర్డీ వైపు చూస్తున్నారు.

“ఇదివరకు నన్ను చూడగానే పరిగెత్తుకొచ్చేవాడు,” అన్నారు మెల్లగా. “మా ఆయన పోయి నాలుగేళ్లయింది కదండీ. ఈ కాలనీలో నన్ను చూసి అంత సంతోషపడింది వీడొక్కడే. కిందపడ్డా గానీ... ఆ రోజంతా నాకు భలే హాయిగా అనిపించింది, తెలుసా.”

మేము ఆవిడ పక్కింట్లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాం. ఒక్కసారి కూడా లోపలికి పిలిచి కూర్చోబెట్టలేదు. ఆర్డిస్ నా వైపు చూసింది. నేను ఆర్డిస్ వైపు చూశాను. గోర్డీ తల ఎత్తి, ‘ఇక లే’ అన్న మాట కోసం మా ఇద్దరి వైపూ చూశాడు.

“ఈసారి మంచు తొందరగానే పడేలా ఉందండీ,” అన్నాను.

“అవునండీ, అలాగే ఉంది,” అన్నారు లొరెయిన్ గారు. పళ్లెం గుమ్మం పక్కన పెట్టి, తలుపు తానే దగ్గరికి వేసుకుని వెళ్లిపోయారు.

తలుపు మూసుకున్నాక కూడా చాలాసేపు ఎవరి చోటు నుంచి వాళ్లం కదల్లేదు. డెనీస్ చూసి ఉంటే మా ముగ్గురికీ పూర్తి మార్కులు వేసేది.