రాహేలమ్మ గోనెసంచి

చెల్లెలు స్తుతి పెళ్లి పదిన్నరకు. తొమ్మిదికల్లా కోడుమూరు చర్చికి చేరి, తాను రాసిన కంప్యూటర్ ప్రోగ్రాముతో పెళ్లిపాటలు ప్రొజెక్టరులో గోడ మీద చూపించాలన్నది ఆ ఉదయం యేసుప్రసాద్ పథకం. కడప నుంచి వచ్చే మగపెళ్లివారి ముందు చెల్లెలి పరువు నిలబెట్టేది ఆ గోడేనని నెల రోజులుగా ఊరంతా చెప్పుకున్నాడు కూడా. తీరా బయలుదేరేసరికి తల్లి రాహేలమ్మ గడపలో కూర్చుని గోనెసంచి మూతి కడుతోంది.

"ఏందిమా అది?"

"పాత పాటల పుస్తకాలు నాయనా. కొత్తవి వచ్చినప్పుడు చర్చిలో పారేస్తాంటే తెచ్చి పెట్టుకుంటి. నలభై ఉండాయి."

"గోడ మీద పాటలొస్తాంటే పుస్తకాలెందుకు?"

"ఉంటే ఏం పోతాది?"

పక్కింటికి పోయినా ఉప్పు పొట్లం వెంట పట్టుకుపోయే మనిషి ఆవిడ. కొడుక్కి అది సుతరామూ గిట్టదు. అతను అందరికీ ఉచితంగా పంచే ఆ ప్రోగ్రాము నడవాలంటే, అక్షరాలకు ఒత్తులు అతికించడం లాంటి పనులకు ఎవరెవరో రాసిన చిన్న ప్రోగ్రాములు కావాలి. వాటిని కూడా కలిపి మూటగట్టి ఇవ్వమని భార్య ప్రేమజ్యోతి ఎన్నిసార్లో చెప్పింది. వింటేనా!

"ప్రతివాడూ సొంత మూట తెచ్చుకుంటే, మూటలో సరుకు పాతబడినా ఎవనికీ తెలీదు. కంప్యూటర్లో ఉండేదే అందరూ వాడుకోవాల," అనేవాడు.

తీరా చేరి చూస్తే, చర్చి కంప్యూటర్లో ఉన్న ఆ చిన్న ప్రోగ్రాములన్నీ ఆరేళ్ల నాటి సరుకు. పాట తెరవగానే ఒత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి.

"ఏమప్పా, క్రీస్తు పేరే ముక్కలైపోయిండాది," అన్నాడు పాస్టరు లాజరు.

"ఒక్కటి మారిస్తే చాలు అయ్యగారూ."

ఫోన్ నెట్ కలిపి ఆ ఒక్కటి దించబోతే, అది ఇంకో పన్నెండు కావాలంది. ఆ పన్నెండూ తలా ముప్పై అడిగాయి. అన్నింటికీ సరేనన్నాడు. సగంలో సిగ్నల్ పోయింది. గోడ మీది అరకొర అక్షరాలూ పోయి నలుపు మిగిలింది. అప్పుడే బయట మగపెళ్లివారి బస్సు ఆగింది. యేసుప్రసాద్‌కు అప్పుడు పుస్తకాలు గుర్తొచ్చాయి.

"అయ్యగారూ, చర్చి పుస్తకాలు యాడుండాయి?"

"ఓర్వకల్లు సంఘానికి ఇచ్చేస్తిని గదా. ఇంక పుస్తకాలతో పనే లేదని నువ్వే చెప్తివి!"

రాహేలమ్మ గోనెసంచి విప్పి, రెండు వైపులవారికీ పుస్తకాలు పంచింది. లాజరు కంఠతా వచ్చిన నంబరు చెప్పాడు.

"రెండు వందల పది."

కొత్త పుస్తకంలో అది పెళ్లిపాట. పాత పుస్తకంలో మాత్రం శవపేటికను గుంతలోకి దించేటప్పుడు పాడేది. పుస్తకాలు తెరిచినవాళ్లు ఒక్క క్షణం తలలెత్తి చూశారు. కానీ అయ్యగారు చెప్పిన నంబరును కాదనే అలవాటు ఆ సంఘానికి లేదు. పైగా ఆ పాట అందరికీ బాగా వచ్చు. మొదటి చరణానికే ముసలమ్మలు అలవాటుగా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుపు అందుకున్నారు. స్తుతి ముసుగులో నవ్వు ఆపుకోలేక వణికిపోతుంటే, పిల్ల ఏడుస్తోందనుకుని జనం ఇంకా గట్టిగా పాడారు. రెండో చరణానికి పెళ్లికొడుకు తండ్రి దేవదానం బావురుమన్నాడు.

ఇంక పెళ్లి చెడినట్టేనని యేసుప్రసాద్ కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన అయ్యాక దేవదానం వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"శానా పెండ్లిండ్లు చూసినామప్పా. ఆడబిడ్డను పంపేదానికి ఊరు ఊరంతా ఇంతగా ఏడ్చేది ఈడే చూస్తిమి. మంచి సంబంధం దొరికినాది మాకు."

"చూస్తివా, నా మూట లేకుంటే ఏమయ్యుండు?" అంది రాహేలమ్మ, ఖాళీ సంచి మడత పెడుతూ.

మూటలో సరుకు పాతబడితే ఎవరికీ తెలియదన్న తన మాట అక్షరాలా రుజువైందని యేసుప్రసాద్ ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు.