నదికి అవతల అలక

యూలాన్ మొగుడితో మాట్లాడడం మానేసి నెల దాటింది. చెప్పవలసింది ఏదైనా ఉంటే, అతను చేపలు పట్టించడానికి పెంచుకునే నీటికాకితో చెప్పేది. ఆ పొద్దున కూడా గంజి గిన్నె ఠపీమని బల్లమీద పెట్టి, "మీ అయ్యకు చెప్పవే, చల్లారితే మళ్ళీ వెచ్చబెట్టేవాళ్ళు లేరని!" అంది. పక్షి తింగ్‌ఫూ వంక ఓసారి చూసి, రెక్కలు దులుపుకుని ఊరుకుంది.

అలక చేప గురించేనని తింగ్‌ఫూ నమ్మకం. అల్లుడొస్తాడని ఆమె దాచిన పెద్ద చేపను గుటుక్కుమనిపించింది ఈ నీటికాకే. ఎన్నిసార్లు తప్పయిందన్నా యూలాన్ కరగలేదు. నదిమీద నుంచి రాగానే వాగడానికి మనిషి లేక అతనికి ఇల్లు బావురుమంటోంది. ఆమె గొంతు వినక బెంగ పట్టుకుంది. గంజి తాగుతూ ఒక ఉపాయం పన్నాడు.

వాళ్ళ జువాంగ్ తెగ ఊళ్ళలో నీళ్ళమీద పాట విసిరితే అవతలి నుంచి పాటే బదులు రావాలి. రాకపోతే ఓడినట్టు. యూలాన్ పుట్టి బుద్ధెరిగి పాటలో ఓడింది లేదు.

రోజూ పొద్దుగూకాక నదిమీద టిక్కెట్టు పెట్టి ఆడే ఆట ఉంటుంది. పాటలతో జమీందారు నోరు మూయించిన పల్లెపిల్ల కథ. వెనక కొండలే తెర. ఊరి మగాళ్ళు కూలికి తెప్పలమీద కాగడాలు పట్టుకుంటారు, ఆడవాళ్ళు అవతలి ఒడ్డున లాంతర్లు పట్టుకుంటారు. రెండు ఘట్టాల మధ్య దీపాలన్నీ ఆర్పేస్తారు. ఆ చీకట్లో పాడాలని తింగ్‌ఫూ ఆలోచన.

"ఒరే, డైరెక్టరుకు తెలిస్తే నీ తెప్ప తిరగేస్తాడు," అన్నాడు పక్క తెప్పమీది ఛెన్‌షాన్.

"చీకట్లో ఎవడని పోల్చుకుంటాడు? నా గొంతు మా ఆవిడకు తప్ప ఎవరికి తెలుసు?"

ఆ గొంతు నాలుగూళ్ళకు తెలుసు. దీపాలు ఆరగానే ఎత్తుకున్నాడు:

"మింగినది పక్షమ్మ, మొట్టికాయలు నాకు!
చేప పోయింది గానీ చెలిమి పోవాలా?"

బదులు లేదు. కప్పలు మాత్రం అరిచాయి. యూలాన్ పక్కన లాంతరు పట్టుకున్న మెంగ్ వదిన ఇక ఉండబట్టలేకపోయింది. వచ్చిన పాట నీళ్ళపాలు కావడమా? తనే అందుకుంది:

"చేప కాదు అన్నయ్యా, చూపు లేదు నీకు!
ఇంట్లో ఏం పోయిందో పెట్టెనడుగు పో!"

"మా ఆవిడ నీకు బదులు పాడుతుందేంట్రా?" అని ఛెన్‌షాన్ భగ్గుమన్నాడు. ఊరుకోకుండా పెళ్ళాం మీద పాట కట్టాడు. ఆమె అంతకు రెండింతలు కట్టింది. దాంతో నదికి ఇటు మొగుళ్ళకూ అటు పెళ్ళాలకూ పాత లెక్కలన్నీ గుర్తొచ్చాయి. కారే ఇంటికప్పులు, తెగనమ్మిన గేదెలు, అత్తగారి సాధింపులు, అన్నీ రాగాలయ్యాయి. ఇంత పాట వినపడుతోంటే తనే ఏదో మరిచాననుకుని దీపాలవాడు కొండలన్నీ వెలిగించాడు. కొండలు వెలగడం చూసి, తన ఘట్టం వచ్చేసిందని కథానాయిక పడవ ఎక్కి నది మధ్యకొచ్చింది. వచ్చినది వచ్చినట్టు పట్టుబంతి విసిరింది.

అందుకోవలసిన కథానాయకుడు ఇంకా ఒడ్డునే తలపాగా చుట్టుకుంటున్నాడు. బంతి నీళ్ళలో పడుతుందని తింగ్‌ఫూ గబుక్కున పట్టేశాడు. వాళ్ళ ఆచారంలో పిల్ల విసిరిన బంతి పట్టినవాడే పెళ్ళికొడుకు! ముసలి పెళ్ళికొడుకును చూసి జనం చప్పట్లు, ఈలలు.

అప్పుడు అవతలి ఒడ్డున యూలాన్ గొంతు లేచింది.

"వేళ్ళు పొడుచుకుని కుట్టాను, నీకని విసిరాను,
పరాయి పిల్ల చేతికి పంచిపెట్టావా?
రోజూ ఈ దీపాల్లో నా బంతినే చూస్తున్నా,
ఎవడెవడో పడుతుంటే ఎట్టా పలికేది?"

తింగ్‌ఫూ చేతిలోకి చూసుకున్నాడు. వెలిసిన ఎరుపు, ఆకుపచ్చ కుచ్చు, ఒక మూల వంకర ముడి. పడుచుతనంలో ఆ ముడిని తను ఎంత వెక్కిరించాడు! ఆటకు బంతి ఒకటి తక్కువైందంటే, పాతదే కదా అని పెట్టెలోంచి తీసి ఇచ్చేసినవాడు తనే. ఇచ్చిన సంగతే మరిచాడు. సిగ్గుతో తల వాలిపోయింది.

పట్టినవాడికి పిల్ల నచ్చితే బంతికి కానుక కట్టి తిరిగి విసరాలి. తడుముకుంటే నడుముకు పొగాకు సంచి ఒక్కటే ఉంది. పెళ్ళయిన నాటి నుంచి యూలాన్ నదిలో పారెయ్యమని పోరుతున్న సంచి. దాన్ని బంతికి కట్టి, తెప్పను అవతలి ఒడ్డు దగ్గరికి తోసి, విసిరాడు. యూలాన్ లాంతరు వదిలేసి రెండు చేతులా పట్టుకుంది.

"కొంచెం గురి తప్పితే ఈ పొగాకన్నా తడిసేది కదయ్యా, ముసలాడా!" అంది. నేరుగా మొగుడితోనే అంది. తింగ్‌ఫూకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆట ముగిశాక డైరెక్టరు పరుగున వచ్చాడు. పని ఊడిందని అందరూ తలలు దించుకున్నారు.

"రేపట్నుంచి రోజూ ఇలాగే పాడాలి. పిన్నీ, ఆ తిట్టు కూడా వదలకండి!"

"పాడతాను బాబూ. బంతి మాత్రం వేరేది తెచ్చుకోండి," అంది యూలాన్, తన బంతిని చంకలో పెట్టుకుంటూ.

ఇప్పుడు ఆ బంతి మళ్ళీ పెట్టెలో ఉంది. ఇంట్లో యూలాన్ మొగుణ్ణి పల్లెత్తు మాట అనడం లేదు. అనవలసినవన్నీ రాత్రి టిక్కెట్టు కొన్నవాళ్ళ కోసం దాచిపెడుతోంది.