గోధుమల ఓడకు లక్క ముద్ర

సముద్రం మీద ఓడను పట్టుకోవడం ఏమంత గొప్ప కాదు. గాలి కలిసొచ్చి, నాలుగు ఫిరంగులుంటే ఎవడైనా పట్టేస్తాడు. ఆ ఓడ శత్రువుదో కాదో తేల్చడమే అసలైన నాగరికత. అది మా ఇంగ్లండులో, అందునా మా పెన్‌గారో రేవు కచేరీలో, గుమాస్తానైన నా బల్ల ముందు జరుగుతుంది.

ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తున్న ఆ ఏడు మార్చిలో మావాళ్లు ఒక డెన్మార్కు ఓడను లాక్కొచ్చారు. నిండా గోధుమలు. ఓడకు యజమానీ కెప్టెనూ ఒక్కడే, యెప్పె లూండ్. పదహారేళ్లు ఊరివాళ్ల ఓడల్లో చాకిరీ చేసి కొనుక్కున్నాడట. డెన్మార్కుతో మాకు తగవేమీ లేదు. కానీ అతని వంటవాడు డంకర్క్‌లో పుట్టాడు. (డంకర్క్ ఫ్రాన్సులో ఉంది. అది మా తప్పు కాదు.) అందుకని విచారణ తేలేదాకా సరుకు గది తలుపుకు లక్క ముద్ర వేశాం.

వంటవాణ్ణి ముప్పై రెండు ప్రశ్నలు అడిగాం.

"శత్రుదేశంలో పుట్టడంలో నీ ఉద్దేశమేమిటి?"

"ఏడుద్దామనండీ."

రాసుకున్నాను.

మూడో వారంలో లూండ్ రొప్పుతూ వచ్చాడు. "గుమాస్తాగారూ, ఓడ కారుతోందండీ! గోధుమలు కొట్టుకొచ్చి నీళ్లు తోడే పంపుకు అడ్డం పడ్డాయి. తలుపు తీస్తే గంటలో బాగుచేస్తాం. లేదంటే గింజలు నాని, ఉబ్బి, ఓడ పగిలిపోతుంది!"

ముద్రల అధికారి ట్రెగెన్నా దొరగారు కళ్లజోడు తుడుచుకున్నారు. "తలుపు తీయాలంటే లోపల నష్టం జరిగిందని రుజువు కావాలి, కెప్టెన్."

"లోపలికెళ్తేనే కదండీ రుజువు దొరికేది!"

"వెళ్లాలంటే తలుపు తీయాలి. మరి రుజువు లేకుండా ఎలా తీయమంటావు? నువ్వే చెప్పు."

"నా బతుకంతా అందులోనే ఉందండీ," అన్నాడు లూండ్.

నాకు నిజంగానే జాలేసింది. అందుకే అతని అర్జీని కట్టలో అట్టడుగున కాకుండా మధ్యలో పెట్టాను.

దొరగారు మాత్రం ఊరుకోలేదు. స్వయంగా పడవెక్కి వెళ్లి చూసొచ్చారు. అప్పటికే గోధుమలు ఉబ్బి పైచెక్కలు లేచాయి. ముద్ర క్షేమంగా ఉందని రాసుకుని వచ్చారు. మర్నాడు పొద్దున్నే ఓడ ఫెళ్లుమని చీలి, రేవు మధ్యలో కూలబడింది. నీళ్ల పైన రెండు తెరచాప కొయ్యలు మిగిలాయి.

మే నెలలో తీర్పొచ్చింది. ఓడ శత్రుదేశానిది కాదు. వంటవాడి పుట్టుకను క్షమించడమైనది. ఓడను తక్షణం యజమానికి అప్పగించవలసింది.

"అప్పగించడానికి ఓడేదయ్యా?" అన్నాడు లూండ్. ఈసారి అరవలేదు పాపం.

"కిటికీలోంచి కనబడుతోంది కదండీ," అన్నాను. ముట్టినట్టు సంతకం చేశాడు.

విడిపించిన ఓడ పది రోజుల్లో రేవు విడిచి వెళ్లాలని రెండో కాగితం చదివి వినిపించాను. గడువు దాటినా కదలని ఓడను, రేవుకు అడ్డం పడిన శత్రువుగా భావించి, నిబంధనల ప్రకారం మళ్లీ పట్టుకుంటాం.