సేఫ్ మోడ్‌లో జలపతి

కోరుట్ల పట్టణం డిజిటల్ యుగంలోకి ప్రవేశించిందని జలపతి తన ఇంటి అరుగు మీద నిలబడి పత్రికల వారికి ప్రకటించాడు. వచ్చింది ఇద్దరు విలేకరులే. అయినా మాట పట్టణం మొత్తానికి సంబంధించింది కాబట్టి గొంతు పెద్దగానే ఎత్తాడు. పార్టీ ఐటీ సెల్ పట్టణ కన్వీనర్‌గా అతను బాధ్యతలు స్వీకరించిన మూడో రోజది. వచ్చే శుక్రవారం రాష్ట్ర నాయకుడు హైదరాబాద్‌లో తన గదిలో కూర్చొనే, ఈ ఇంట్లోని కంప్యూటర్ ద్వారా కోరుట్ల కార్యకర్తలతో ముఖాముఖి మాట్లాడతారని, ఇది చరిత్ర అని, టీలు తాగి పోవాలని చెప్పాడు.

"కంప్యూటర్‌ను ఒకపారి చూడొచ్చా అన్నా?" అని ఒక విలేకరి అడిగాడు.

"లోపట అప్‌డేట్ అయితున్నది," అన్నాడు జలపతి.

లోపల అది చస్తూ బతుకుతూ ఉంది. మీట నొక్కితే ఫ్యాను రయ్యిమనేది. కంపెనీ గుర్తు వచ్చేది. దాని కింద చుక్కలు గుండ్రంగా తిరిగేవి. ఇక వచ్చేసిందిలే అనుకునేసరికి తెరంతా నీలంగా మారి, మూతి ముడుచుకున్న బొమ్మ ఒకటి కనబడి, ఇంగ్లిషులో క్షమాపణ చెప్పుకుని ఆరిపోయేది. మళ్లీ మొదటి నుంచీ అదే తంతు. జలపతికి ఆ క్షమాపణ ఒక్కటే నచ్చింది. ఇన్నేళ్ల పార్టీ జీవితంలో అతనికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

ఈ పదవి తనకెందుకు వచ్చిందో అతనికి తెలియకపోలేదు. తాత తాళ్లెక్కాడు, తండ్రి కల్లు దుకాణం నడిపాడు, తను సిమెంటు అమ్ముతున్నాడు. ఒకసారి సభలో మైకు మూగబోతే వైరు పీకి మళ్లీ గుచ్చాడు. మైకు పలికింది. ఆ క్షణం నుంచి పార్టీలో అతను 'టెక్నికల్ పర్సన్'. పైగా పట్టణ కమిటీ మొత్తంలో ఇంట్లో కంప్యూటర్ ఉన్నది అతనికే. బిడ్డ అనూష ఆన్‌లైన్ క్లాసులకని కొన్నది. కొన్న రోజే కొండగట్టు గుడికి తీసుకుపోయి వాహన పూజ కూడా చేయించాడు. "వాహనమేది?" అని పూజారి అడిగితే, "గిదే అయ్యగారూ, సమాచార వాహనం," అన్నాడు. అనూష కరీంనగర్ హాస్టల్‌కు పోయాక, దాని మీద భార్య కల్పన చింతపండు చాట ఆరబెట్టుకుంటూ వచ్చింది.

"చాట పెట్టినన్ని దినాలు మంచిగనే ఉండె," అంది కల్పన. "నువ్వు కన్వీనర్‌వయినంక దానికి రోగమొచ్చింది."

జలపతి ప్లగ్గు పీకి పెట్టాడు. పీకి కాసేపు ఆగి పెట్టాడు. పెట్టెను బోర్లించి దుమ్ము ఊదాడు. ఆ దుమ్ము కళ్లలో పడి కూర్చున్నాడు. కల్పన మిరపకాయలు దిగదుడిచింది. చివరికి బిడ్డకు ఫోన్ చేశాడు.

"ఏమన్న కొత్తయి ఏసినవా నాన్నా దాంట్ల?" అని అడిగింది అనూష.

"నేనేం ఏస్త బిడ్డా? పెద్దమనుషులు ఏసింది తప్ప."

"అయితే ఎవలకన్న చూపియ్యి."

చూపించడం అంత తేలిక కాదు. కోరుట్లలో చూపిస్తే మాజీ చైర్మన్ లింగన్నకు తెలుస్తుంది. జగిత్యాలలో చూపిస్తే నియోజకవర్గ ఇన్‌చార్జి సుధాకర్ రావుకు తెలుస్తుంది. పార్టీలో ఈ ఇద్దరూ రెండు వర్గాలు. ఒకరు కూర్చున్న కుర్చీని తుడవకుండా ఇంకొకరు కూర్చోరు. కన్వీనర్ కంప్యూటరే లేవడం లేదని ఏ ఒక్కరికి తెలిసినా, పదవి వాళ్ల మనిషికి పోతుంది. అందుకని జలపతి, తన ముఖం ఎవరికీ తెలియని సిరిసిల్లను ఎంచుకున్నాడు. నిజానికి కోరుట్లలో కూడా ఆ ముఖం చాలామందికి తెలియదు. ఆ సంగతి అతను తనకు తాను చెప్పుకోలేదు.

కంప్యూటర్ పెట్టెను కల్పన పట్టుచీరలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాడు. ఆ బస్సు వేములవాడ మీదుగా పోయేది.

"ఏందే మూటల?" అని పక్కసీటు ముసలవ్వ అడిగింది.

"ఇంటి దేవుడవ్వా," అన్నాడు జలపతి, వేరే ఏమీ తోచక.

అవ్వ చేతులు జోడించి మూటకు మొక్కింది. ముందు సీటు వాళ్లు వెనక్కి తిరిగి మొక్కారు. ఎవరో కుంకుమ కూడా పెట్టారు. వేములవాడలో దిగకుండా కూర్చుంటే కండక్టర్ కోపానికొచ్చాడు. "దేవుని గుడి గిక్కడుంటే ఎటు తీస్కపోతున్నవే?" జలపతి కళ్లు మూసుకుని, నిద్రపోయినట్టు నటించాడు. నటిస్తున్నప్పుడు తన మీద తనకే జాలేసింది. డిజిటల్ యుగంలోకి పట్టణాన్ని నడిపించేవాడు ఇలా గురక పెట్టాల్సి వస్తుందని అతను ఎక్కడా చదవలేదు.

సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడున్న వీధిలో మనీషా కంప్యూటర్ రిపేర్ దుకాణం ఉంది. మనీషా గడగడా మాట్లాడే మనిషి. తన కంటే గొప్ప మెకానిక్ హైదరాబాద్‌లో కూడా లేరని పెట్టె విప్పకముందే చెప్పింది. పట్టుచీర అంచు బాగుందని, ఎక్కడ కొన్నారని అడిగింది. ఆ తర్వాత ఏవో మీటలు నొక్కి తెర వైపు చూసి నవ్వింది.

"అన్నా, దీంట్ల రెండు యాంటీవైరస్‌లున్నయి."

"మంచిదే గద చెల్లె. రెండింతల రక్షణ."

"ఏం మంచిది? ఒకదాన్ని ఒకటి వైరస్ అనుకుంటున్నయి. కంప్యూటర్ లేసుడే ఆలస్యం, రెండు ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటున్నయి. గా కొట్లాటల ఇది పడిపోతున్నది. ఒకటి తీసేస్తే అయిపాయె. ఏది తీయాలె?"

పదవి వచ్చిన రోజు సుధాకర్ రావు మనిషిని పంపి, "శత్రువుల నుంచి మన డేటాను కాపాడుకోవాలె," అని ఒకటి వేయించాడు. అది తెలిసిన లింగన్న మరునాడే తన మనిషిని పంపి, "శత్రువులు బయట లేరు జలపతీ," అని ఇంకొకటి వేయించాడు. శుక్రవారం ఇద్దరూ వస్తారు. తనది ఉందా లేదా అని ఇద్దరూ చూస్తారు.

"రెండూ ఉండుకుంట నడ్వదా?"

"నడ్వది."

"పోనీ మూడోది ఒకటి ఏస్తే? గా రెండిట్ల రాజీ కుదిర్చేతందుకు?"

"మూడు కొట్టుకుంటయి," అంది మనీషా. "సేఫ్ మోడ్‌ల పెట్టియ్యాల్నా? దాంట్ల గా రెండిట్ల ఏదీ లెవ్వది. కంప్యూటర్ మాత్రం లేస్తది. కాని ఇంటర్నెట్ రాదు, బొమ్మ సక్కగ రాదు, ఏ పనీ కాదు. ఊకె లేసి కూసుంటది."

జలపతికి ఆ మోడ్ ఎంతో పరిచయమైనదిగా అనిపించింది. పార్టీలో తను ఇన్నాళ్లూ ఉన్నది అందులోనే. కానీ రాష్ట్ర నాయకుడు మాట్లాడాలంటే ఇంటర్నెట్ కావాలి. ఏది తీసేయాలో చెప్పలేక, ఏదీ తీయించకుండానే పెట్టెను మళ్లీ పట్టుచీరలో చుట్టుకుని వచ్చాడు. తిరుగు బస్సులో ఎవరూ మొక్కలేదు.

శుక్రవారం వచ్చింది. ఇంటి ముందు షామియానా. నడి ఇంట్లో కంప్యూటర్‌కు పూలదండ. కుడి పక్క సుధాకర్ రావు, ఎడమ పక్క లింగన్న, వాళ్ల వెనక ఎవరి మనుషులు వాళ్లు. రాత్రికి రాత్రి కంప్యూటర్‌కే బుద్ధి వచ్చి ఉంటుందని జలపతి ఆశపడ్డాడు. మీట ఎవరు నొక్కాలన్న దాని మీద చిన్న పెనుగులాట జరిగింది. చివరికి సుధాకర్ రావు వేలు మీట మీద, లింగన్న వేలు ఆ వేలు మీద పెట్టి నొక్కారు. ఫ్యాను రయ్యిమంది. చుక్కలు తిరిగాయి. తెర నీలంగా మారింది. మూతి ముడుచుకున్న బొమ్మ అందరినీ చూసింది.

పెద్దలిద్దరూ మెడలు తిప్పి జలపతి వైపు చూశారు. నిజం చెబుదామనే అతను నోరు తెరిచాడు. నోరు మాత్రం అతని కంటే అనుభవం ఉన్నది.

"హ్యాక్ చేసిన్రు!" అంది.

అంతే. ఎవరు చేశారని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు. అవతలి పార్టీ ఐటీ సెల్ కన్వీనర్ అర్జున్ రావు. అతనొకడున్నాడని అప్పటిదాకా అతని పార్టీ వాళ్లకే సరిగా తెలియదు. సుధాకర్ రావు "ప్రజాస్వామ్యం మీద దాడి," అన్నాడు. లింగన్న "పిరికిపందల పని," అన్నాడు. ఆ ఇద్దరూ ఒకే విషయం మీద ఒకే మాట మాట్లాడటం పట్టణం మొదటిసారి చూసింది. షామియానాను అట్లాగే ఊడబీకి రోడ్డు మీద ధర్నాకు వేశారు. జలపతిని భుజాల మీద మోశారు. పైనుంచి చూస్తే తన సిమెంటు దుకాణం రేకుల మీద తుప్పు కనబడింది. రంగు వేయించాలనుకున్నాడు.

సాయంత్రం ఠాణాలో ఫిర్యాదు తీసుకుంటూ ఎస్సై అడిగాడు. "ఈ కంప్యూటర్ ఎప్పుడన్న ఇంటి కడప దాటిందా?"

"సిరిసిల్లకు పోయింది సార్. మనీషా అని చెల్లె దుకాణానికి," అన్నాడు జలపతి, భుజాల మీద ఊరేగిన మత్తులో.

మరునాడు పొద్దున ఫోన్ కల్పన ఎత్తింది. అవతల మనీషా. దుకాణానికి పోలీసులొచ్చారట, షటర్ దించారట, తనను కోరుట్ల తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారట. అవతలి పార్టీకి ఎంతకు అమ్ముడుపోయావని అడుగుతున్నారట. కల్పన ఫోన్ పెట్టేసి, అద్దం ముందు కండువా సర్దుకుంటున్న మొగుని దగ్గరికొచ్చింది.

"గా పిల్ల నీకేం పాపం జేసింది?"

"పార్టీ విషయం కల్పనా, నీకు అర్థంగాదు..."

"నాకు కంప్యూటర్ అర్థంగాదు. గిది మంచిగ అర్థమయింది. నువ్వు పోయి చెప్తవా, నన్ను పొమ్మంటవా?"

జలపతి కండువా తీసి మేకుకు తగిలించి బయలుదేరాడు. దారి పొడవునా చెప్పాల్సింది వల్లించుకున్నాడు. హ్యాక్ కాలేదు సార్, అబద్ధమాడిన. చిన్న వాక్యమే. అది చెబితే పదవి పోతుంది, దుకాణం ముందు జనం నవ్వుతారు. ఆ పిల్ల మాత్రం ఇంటికి పోతుంది. ఇన్నేళ్లలో తను చేయబోతున్న మొదటి ప్రజాసేవ ఇదేనేమో అనిపించి, కాస్త నిటారుగా నడిచాడు.

ఠాణా ముందు రెండు పార్టీల జెండాలూ ఉన్నాయి. లోపల బెంచీ మీద ఒక కొసన మనీషా ముఖం గంటు పెట్టుకుని కూర్చుంది. ఇంకో కొసన అర్జున్ రావు ఉన్నాడు. అతని మెడలో గంపెడు పూలదండలు.

"సార్," అన్నాడు జలపతి ఎస్సైతో. "హ్యాక్ కాలేదు సార్. నేనే అబద్ధమాడిన. గా చెల్లెకు ఏ సంబంధం లేదు. కంప్యూటర్ల రెండు యాంటీవైరస్‌లు కొట్టుకున్నయి."

ఎస్సై తల పట్టుకున్నాడు. "నువ్వు కాలేదంటున్నవ్. ఈయననేమో పొద్దుగాలనే అచ్చి, నేనే జేసిన అని కూసున్నడు."

అర్జున్ రావు దండల్లోంచి చేతులు బయటికి తీసి జోడించాడు. "జలపతన్నా, నీకు దండం పెడుత. హ్యాక్ అయింది. నేనే జేసిన. మా పార్టీల నా పేరు ఎవనికి ఎరుక లేకుండె. ఇయ్యాల రాష్ట్ర ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. నా కష్టాన్ని మట్టిల కలపకు."

"అరే, కాందాన్ని అయిందని ఎట్ల జెప్పాలె?"

"నిన్న జెప్పినవ్ గద," అన్నాడు అర్జున్ రావు, న్యాయంగానే.

ఎస్సై బెంచీ వైపు చూసి, "నువ్వు పోవమ్మా. దుకాణం తెరుసుకో," అన్నాడు. మనీషా లేచింది. జలపతి ముందు ఆగి, "ఇంకోపారి సిరిసిల్లకు రాకన్నా," అని చెప్పి బయటికి నడిచింది. ఆమె గేటు దాటేదాకా జలపతి చూశాడు. గుండె మీది బరువు దిగింది. తక్కినది కూడా దించుకుందామనిపించింది.

"గా రెండు యాంటీవైరస్‌లు ఎవలేసిన్రో రాసుకుంట, చెప్పు," అన్నాడు ఎస్సై.

కిటికీ బయట సుధాకర్ రావు, లింగన్న ఒకే గొడుగు కింద నిలబడి ఉన్నారు. జలపతిని చూసి ఇద్దరూ చేయి ఊపారు.

"యాదికి లేదు సార్," అన్నాడు జలపతి. చాలావరకు నిజమే చెప్పానని తృప్తి పడ్డాడు.

"అయితే ఒక్కటే తొవ్వ," అన్నాడు ఎస్సై. బల్ల మీది ఠాణా కంప్యూటర్‌ను అర్జున్ రావు వైపు తిప్పాడు. "ఇగో, దీన్ని హ్యాక్ జేసి చూపియ్యి. జేస్తే కేసు రాస్త. జేయకపోతే ఇద్దరూ ఇంటికి పోండ్రి."

జనం కిటికీకి అతుక్కున్నారు. అవతలి పార్టీ వాళ్లు జిందాబాద్ అన్నారు. ఇవతలి పార్టీ వాళ్లు ముర్దాబాద్ అన్నారు. రెండింట్లోనూ పేరు అర్జున్ రావుదే. అతను కుర్చీలో కూర్చుని, దండలు సర్దుకుని, చీకటిగా ఉన్న తెరను ఎంతోసేపు గంభీరంగా చూశాడు. తర్వాత జలపతి వైపు వంగాడు.

"అన్నా," అన్నాడు చెవిలో, "ఇది యాడ ఆన్ జేస్తరు?"

జలపతి కిటికీ వైపు చూశాడు. గొడుగు కింద పెద్దలిద్దరూ మెడలు చాచి, ఊపిరి బిగబట్టి ఉన్నారు. అతను మెల్లగా కాలు చాపి, బల్ల కింద ఉన్న పెట్టె మీటను బొటనవేలితో నొక్కాడు. తెర వెలిగింది. బయట ఈలలు, చప్పట్లు.

అర్జున్ రావు రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టాడు. పెట్టి, ఎస్సై వైపు తిరిగాడు.

"సార్, పాస్‌వర్డ్ ఏంది?"

కిటికీకి అతుక్కున్న రెండు పార్టీల జనాన్ని చూసి ఎస్సై లేచాడు. పోయి కిటికీ తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. గొంతు తగ్గించి, ఒక్కో అక్షరమే చెప్పసాగాడు.