నీలమ్మ పొయ్యి ముట్టించని పూట

తప్పు నీలమ్మది కాదు. నూడుల్స్ వండిన కొండల్‌ది అంతకంటే కాదు. తప్పంతా ఈ వాడకట్టుది. గోడ అవతల ఏడుపు వినపడితే ఉరికొచ్చి ఏడవడం తెలుసు గాని, ఎందుకేడుస్తున్నావని అడగడం తెలియని మీ అందరిదీ. గజం ధర నెలనెలా పెరిగే ఇబ్రహీంపట్నంలో ఆ ఒక్క మాట అడగడానికి ఏం ఖర్చయ్యేది?

ఆ పొద్దున నీలమ్మ అనుకున్నది చాలా చిన్న సంగతి. మొగుడు అంజిలయ్య ప్లాట్లు చూపించే పని మీద బైకేసుకొని కందుకూరు పోయాడు, సాయంత్రం దాకా రాడు. శేరిగూడ ఇంజనీరింగ్ కాలేజీలో చదివే బిడ్డ సంతోషికి సెలవు. మధ్యాహ్నం రెండు గంటలకొచ్చే సీరియల్‌లో మూడు నెలలుగా కోమాలో పడున్న మొగుడు ఇవాళ కళ్లు తెరవబోతున్నాడు.

"ఇయ్యాల వండకే అమ్మా. బస్టాండు కాడ కొండలన్న బండి నుంచి నూడుల్స్, మంచూరియా తెప్పిస్త. టీవీ ముంగట కూసొని తిందాం," అంది సంతోషి.

"వండకుంట ఎట్లనే?" అంది నీలమ్మ. పెళ్లయి ఇరవై రెండేళ్లు. జ్వరమొచ్చినా ఆమె పొయ్యి ముట్టించని రోజు లేదు. కాసేపు ఆలోచించి, "జర కారం తక్వ ఎయ్యమను," అంది.

సీరియల్ సగంలో ఉండగా కొండల్ స్కూటర్ మీద పొట్లాలు తెచ్చాడు. పక్కింటి ఈదమ్మ గేటు దగ్గర ఆపింది.

"ఎవలింటికిరా తిండి?"

"నీలమ్మక్కకు. ఇయ్యాల పొయ్యి ముట్టియ్యలేదంట."

ఈదమ్మ మనసులో లెక్కేసుకుంది. చావు జరిగిన ఇంట్లోనే పొయ్యి ముట్టించరు, తిండి బయటి నుంచే వస్తుంది. సరిగ్గా అప్పుడే గోడ అవతల నీలమ్మ గొంతు: "ఒక్కపారి కండ్లు తెరువయ్యా! ఆ పిల్లను ఆగం జెయ్యకు!"

అంజిలయ్య కందుకూరు పోయాడని ఈదమ్మకు తెలుసు. ఆ రోడ్డు మీద తిరిగే లారీల సంగతీ తెలుసు. ఇంకేం కావాలి?

చావింట్లో ఏమైందని అడగరు. నేరుగా పోయి మెడ పట్టుకొని ఏడవాలి. ఈదమ్మ అట్లాగే చేసింది. ఆమె కూడా సీరియల్‌కే వచ్చిందనుకొని నీలమ్మ చాప మీద జరిగి చోటిచ్చింది. ఇద్దరూ కలిసి చక్కగా ఏడ్చారు. వెనకే ఎదురింటి భూలక్ష్మి వచ్చింది, ఆమె వెనక ఇంకో పదిమంది. బయట మగవాళ్లు అప్పటికే కట్టెలకూ టెంటుకూ ఫోన్లు కొట్టారు. ఈ సీరియల్ ఇంతమంది చూస్తారా అని నీలమ్మకు ముచ్చటేసింది.

సంతోషి పొట్లం విప్పింది. పొగలు కక్కుతున్న నూడుల్స్. నీలమ్మ చెయ్యి చాచేలోపే ఈదమ్మ లాక్కుంది.

"ఇంక తీస్కరానే రాలే, అప్పుడే తింటవా నీలా?"

"ఎవల్ని తీస్కరాలే?"

"ఏమని చెప్పాలె బిడ్డా!" అని ఈదమ్మ మళ్లీ అందుకుంది.

టీవీలో మొగుడి రెప్ప కదిలింది. "ఇసొంటి యాళ్ల టీవీ ఏంది?" అని భూలక్ష్మి కట్టేసింది.

నీలమ్మ పెట్టిన కేకకు వాడ దద్దరిల్లింది.

"ఏడ్వనియ్యున్రి. కడుపుల దుక్కం బయటికి రావాలె," అంది ఈదమ్మ.

"పెద్దమ్మా, అసలు ఎవలు పోయిన్రు?" అని సంతోషి అరిచింది. పాపం పిల్లకు మతి తప్పిందని ఒకామె మొహాన నీళ్లు కొట్టింది. ఇప్పుడు నీలమ్మకు నిజంగానే భయమేసింది. అంజిలయ్యకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఈసారి ఏడ్చిన ఏడుపు సీరియల్ కోసం కాదు.

ఫోన్ ఎత్తకపోవడానికి కారణం, అంజిలయ్య బైకు మీద ఇంటికే వస్తున్నాడు. ప్లాటు కొనే పార్టీ రాలేదు. ఇంటి ముందు కట్టెల ట్రాలీ, జనం, లోపల ఏడుపులు చూసి బైకు రోడ్డు మీదే వదిలేశాడు. నీలమ్మే పోయిందనుకున్నాడు. గుంజలు పాతుతున్న టెంటు మనిషిని పట్టుకున్నాడు.

"ఎవలు పోయిన్రన్నా?"

"అంజిలయ్యంట."

"ఏ అంజిలయ్య?"

"గీ ఇంటాయనే. జర ఆ తాడు పట్టు."

అంజిలయ్య తాడు పట్టుకున్నాడు. నీలమ్మ కాదని సంతోషించాలో, తానెప్పుడు పోయాడో కనుక్కోవాలో తేలలేదు. తాడు గట్టిగా లాగి కట్టాక కూడా తేలలేదు.

"బాపూ!" అని సంతోషి ఉరికొచ్చింది. వాడంతా బయటికొచ్చింది. ఈదమ్మ రెండడుగులు వెనక్కేసి దండం పెట్టింది.

"సచ్చినోనివి ఎట్లొచ్చినవ్?"

"నేనెప్పుడు సచ్చిన వదినా?"

"మరి నీ పెండ్లాం పొయ్యెందుకు ముట్టియ్యలే?" దొంగను పట్టుకున్నట్టే అడిగింది ఈదమ్మ.

అందరూ నీలమ్మ వైపు తిరిగారు.

"వండబుద్ధి గాలే," అంది నీలమ్మ.

ఆ మాట ఒక్కరికీ అర్థం కాలేదు. మొగుడు పోయాడంటే మాత్రం పది నిమిషాల్లో అర్థమైంది.

అంజిలయ్య మొహం వెలిగిపోతోంది. "గింతమంది నా కోసం ఏడ్వనీకి వచ్చిన్రు. ఉత్త కడుపుతోని పంపుతమా? నీలా, నలభై మందికి బియ్యం పెట్టు!"

పారేస్తే పాపమని నూడుల్స్ అప్పటికే ఈదమ్మా భూలక్ష్మీ తినేశారు. నీలమ్మ కొంగు దోపుకొని వంటింట్లోకి పోయింది.

ఇక ఇప్పుడు కావలసింది చెబుతున్నా, వినండి. నలభై మందికి పెడతానన్న నోరే నలభై మందికి వండాలి. వారానికి ఒక మధ్యాహ్నం ఇబ్రహీంపట్నంలో ప్రతి ఇంటి ఆడమనిషీ పొయ్యి కట్టేసి, వేడి నూడుల్స్ తింటూ సీరియల్ చివరిదాకా చూడాలి. అందుకు మొగుడు చచ్చేదాకా ఆగనక్కర్లేదు.