సింహాసనం మీద సిస్టరమ్మ

కాన్పులు చేసే మిడ్‌వైఫ్‌లకి కుర్చీలు అక్కర్లేదు. వాళ్లకి కావలసింది సంతృప్తి. ఈ మాట నేను బాగా ఆలోచించే అంటున్నాను. కూర్చుని మరీ ఆలోచించాను.

కుర్చీదేముందండీ, ఇవాళ కాకపోతే రేపు కాలు విరుగుతుంది. సంతృప్తికి ఆ బెడదే లేదు! పైగా కుర్చీ వేస్తే మనిషి కూర్చుంటుంది. కూర్చుంటే నడుము నొప్పి గుర్తొస్తుంది. ఆ వెనకే జీతం కూడా గుర్తొస్తే ఆసుపత్రి ఏం కావాలి?

మా అమ్మాయి భానుశ్రీని పురిటికి చేర్చిన ఆసుపత్రి యజమాని రామకోటేశ్వరరావు గారు ఇదంతా ముందే గ్రహించిన మనిషి. సిస్టర్ల కోసం ఆయన 'జాబ్ శాటిస్‌ఫాక్షన్ డే' పెట్టించారు. కారిడార్‌లో 'నా ఉద్యోగమే నా ఆనందం' అని ఫ్లెక్సీ, చుట్టూ బెలూన్లు. ఆ బెలూన్లు కట్టడానికే లేబర్ రూమ్‌లో ఉన్న ఒక్క స్టూలూ బయటికొచ్చింది. మళ్లీ లోపలికి పోలేదు.

ఫ్లెక్సీ ముందు వన్ టౌన్ నుంచి అద్దెకి తెచ్చిన పెళ్లి సింహాసనం, ఎర్ర వెల్వెట్‌ది. ఒక్కో సిస్టర్ వచ్చి అందులో కూర్చోవాలి, నవ్వాలి, ఫొటో దిగాలి, లేవాలి. ఇంత మర్యాద ఏ స్టూలు చేస్తుంది చెప్పండి?

సిస్టర్ జెస్సికా వంతు వచ్చింది. పొద్దుటి నుంచి మా పిల్ల పక్కనే నిలబడి నడుము నిమురుతున్న మనిషిని రెండు నిమిషాలేనంటూ లాక్కొచ్చారు. కూర్చుంది. ఫొటోగ్రాఫర్ "స్మైల్ మేడమ్" అనేసరికి నిద్రపోయింది.

ఆ ఫొటో ఇప్పుడు రిసెప్షన్‌లో ఉంది. కింద 'పరిపూర్ణ సంతృప్తి' అని రాయించారు.

రావుగారు దగ్గి ఆమెని లేపారు. "ఇంకేం కావాలమ్మా మీకు?"

"ఈ కుర్చీ లోపల వేయించండి సార్. ఇంత పెద్దది కాకపోయినా పర్లేదు."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. సాయంత్రం ఆటోనగర్‌లో ఎవరిదో పెళ్లి రిసెప్షన్ ఉందట, సింహాసనం వ్యాన్ ఎక్కింది. జెస్సికా లోపలికెళ్లింది. ఆ చేతుల్లోనే మా మనవరాలు పుట్టింది. తొలి ఏడుపు వినపడగానే బయట మెత్తటి సోఫాలో కూర్చున్న నాకు కళ్లు చెమర్చాయి.

పటమటలో మా ఇంట్లో బారసాలకి ఆమెనీ పిలిచాం. అందరూ భోజనాలకి లేచాక, నేను కూర్చున్నది తప్ప హాలు నిండా ఖాళీ కుర్చీలే. జెస్సికా మాత్రం పాపని ఎత్తుకుని నిలబడే ఊపుతోంది. నన్ను చూసి కాస్త మొహమాటపడుతూ అడిగింది.

"బాబాయి గారూ, కాసేపు కూర్చోవచ్చాండీ?"

పరిపూర్ణ సంతృప్తి ఉన్న మనిషి కూర్చోడానికి పర్మిషన్ ఎందుకు అడిగినట్టు? ఎంత ఆలోచించినా నాకు తోచలేదు. ఈసారి నిలబడే ఆలోచించాను. నా కుర్చీ ఆమెకి వేశాను.